మూడో టేకు

రేడియేటర్ కట్టెయ్యమన్నారు.
పైపుల్లో అది పళ్ళు కొరుకుతుంటే
ఆ చప్పుడూ టేపు మీద పడుతుంది మరి.

నెవార్క్. చేపల కొట్టు మీద మేడగది.
యాభై ఎనిమిది ఫిబ్రవరి.
పత్రికలవాళ్ళు దాన్ని హార్డ్ బాప్ అంటారు,
మాకది శుక్రవారం.
నాకు పంతొమ్మిదేళ్ళు. టేపు చుట్టలు మార్చడం,
కాఫీ తేవడం, అన్నదానికల్లా తలూపడం నా ఉద్యోగం.

చలికి శాక్సఫోన్ శ్రుతి దిగిపోతుంది.
ఎల్‌వుడ్ టార్ప్లీ కోటు గుండీలు విప్పి
దాన్ని లోపలికి దోపుకుని గోడకేసి తిరిగి నిలబడేవాడు.
"కోడిని దొంగిలించావా ఏంటి?" అనేది
పియానో దగ్గర్నుంచి వెర్నా.
డ్రమ్ముల వెనక జూనియస్ చేతులకి ఇంకా ఉన్ని తొడుగులే.
అవి తీశాక గానీ గది వెచ్చబడలేదు.

ఆరు పాటలు.
ఒకటి ఆదివారం చప్పట్లలోంచి లేచొచ్చింది,
ఒకటి అద్దె అడగడానికొచ్చినవాడి నడకతో మెట్లెక్కింది.
నాలుగోది మొండికేసింది.
దానికప్పటికి పేరు లేదు, చీటీ మీద నంబరే.

ఒకటో టేకు: డ్రమ్ము పుల్ల జారింది.
రెండోది: క్లీవన్ ట్రంపెట్ అందరికంటే ముందే గడప దాటేసింది.
మూడోది...

మొదటి వరస వాయించి టార్ప్లీ ఆగాడు.
అయిపోయిందనుకుని మీట మీదికి చెయ్యి పోనిచ్చాను.
కాదు. వెతుక్కుంటున్నాడు,
చీకట్లో కాలితో చెప్పులు వెతుక్కున్నట్టు.
దొరికాక
మరి గుక్క తిప్పుకోలేదు.
డ్రమ్ము మాటకి మాట అంటోంది, బేసు ఔనౌనంటోంది,
నడిమధ్యలో రీడు చీలింది.
ఆ చీలికలోంచే వాయించాడు,
అంచు పగిలిన గ్లాసుతో నీళ్ళు తాగేవాడిలా
జాగ్రత్తగా, దాహంగా.

అయ్యాక ఎవరూ కదల్లేదు.
కింద కొట్లో ఎవరో చేప తల నరికారు.
ఠక్.

అద్దం వెనక మిస్టర్ క్రాల్ గడియారం చూసుకున్నాడు.
"ఎనిమిది నిమిషాల నలభై. పట్టదు.
రీడు కీచుమంది కూడా. దీనిమీదే ఇంకోటి తియ్యి."
టార్ప్లీ వైపు చూశాను, వద్దంటాడేమోనని.
కొత్త రీడుని నాలుక మీద తడుపుతూ
ఆయనా నావైపే చూశాడు.
నేను వద్దంటానేమోననా?
ఇన్నేళ్ళకొచ్చింది ఆ అనుమానం.

వెనక్కి తిప్పాను. ఎర్ర మీట నొక్కాను.

మీరు మెచ్చుకునేది నాలుగో టేకు.
ఐదు నిమిషాల పది. వంక పెట్టడానికి లేదు,
ఇస్త్రీ చొక్కా.
రికార్డు అట్ట మీద ఆయన కళ్ళు మూసుకున్నాడు,
ధ్యానం అని రాశారెవరో.
ఫ్లాష్ కళ్ళల్లో కొట్టింది, అంతే.

తర్వాత ఆయన పోస్టాఫీసులో చేరాడు.
ఒకసారి ఆయన కౌంటర్లోనే స్టాంపులు కొన్నాను.
గుర్తుపట్టలేదు. చెబుదామనుకున్నాను.
నా వెనక క్యూ ఉంది.

మొన్న కుర్రాళ్ళు ఇద్దరొచ్చారు, రికార్డు మళ్ళీ వేస్తారట.
మిగతా టేకులున్నాయా అన్నారు.
లేవన్నాను. కాఫీ ఇచ్చాను.
కాఫీ ఇవ్వడం నాకిప్పటికీ బాగా వచ్చు.

లెక్క వాళ్ళకి తట్టలేదు.
ఎనిమిది నలభై మీద ఐదు పది కప్పితే
మూడున్నర నిమిషాలు బయటే ఉంటాయి,
పొట్టి దుప్పట్లోంచి కాళ్ళలా.
ఆ సాయంత్రం బ్లేడుతో కోసి
చెత్తబుట్టలో వెయ్యమన్న ముక్క
బిస్కెట్ల డబ్బాలో ఉంది, మంచం కింద.

పదకొండుసార్లు విన్నాను.
విన్నప్పుడల్లా మెషీన్ మీద కాస్త గోధుమరంగు పొడి రాలుతుంది.
అందులో ఏ స్వరం పోయిందో తెలీదు.
వేలితో తుడిచి, వేలు కడుక్కోకుండా కూర్చుంటాను.

మొదలు లేదు దానికి. ఊపిరి మధ్యలోంచి ఎత్తుకుంటుంది.
చీలిక. దాహం.
చివర్న ఎవరూ కదలని గది,
ఆ తర్వాత
తల అక్కడ, తోక నా దగ్గర,

ఠక్.